గేటు దగ్గరే ఆపాలి: జూలు, అక్వేరియంలలో వాడి పారేసే ప్లాస్టిక్‌ని తగ్గించే పద్ధతి

ఊరంతా ప్లాస్టిక్ ఆపడం మునిసిపాలిటీకే తలకు మించిన పని. బజారుకి ఎన్ని దారులో లెక్కలేదు. ఎవరు ఏ కవర్ పట్టుకుని ఎటు పోతున్నారో చూసేవాళ్లు ఉండరు. జూ సంగతి వేరు. చుట్టూ గోడ ఉంటుంది, గేట్లు ఒకటో రెండో ఉంటాయి, టికెట్ లేకుండా ఎవరూ లోపలికి రారు, వచ్చినవాళ్లు రెండు మూడు గంటలు అక్కడే తిరుగుతారు. హన్మకొండ హంటర్ రోడ్డులోని కాకతీయ జూలాజికల్ పార్కు అయినా, కరీంనగర్‌లో మానేరు డ్యామ్ పక్కన ఉన్న జింకల పార్కు అయినా ఇంతే. లోపలికి ఏం వస్తోంది, బయటికి ఏం పోతోంది అనేది లెక్కపెట్టగలిగిన చోట ప్లాస్టిక్‌ని నిజంగానే తగ్గించవచ్చు.

జూ సిబ్బంది, క్యాంటీన్ నడిపేవాళ్లు, ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) విద్యార్థులు, పిల్లల్ని విహారయాత్రకి తెచ్చే టీచర్లు, అందరికీ పనికొచ్చేలా ఈ పద్ధతి రాస్తున్నాను. నా ఉద్దేశంలో "ప్లాస్టిక్ నిషేధం" అని పెద్ద బోర్డు పెట్టడం ఇందులో ఆఖరి పని. చాలాచోట్ల అదే మొదట చేస్తారు, అక్కడితో ఆగిపోతారు.

ముందు చట్టం ఎంతవరకు వస్తుందో చూసుకోండి

2022 జులై 1 నుంచి దేశమంతటా కొన్ని వస్తువులపై నిషేధం ఉంది: ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, బెలూన్ పుల్లలు, అలంకరణకి వాడే థర్మకోల్, స్వీట్ బాక్సుల మీద చుట్టే పల్చటి ఫిల్మ్ లాంటివి. కవర్ల విషయానికొస్తే 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కంటే పల్చనివి వాడకూడదు. అంటే క్యాంటీన్‌లో ప్లాస్టిక్ గ్లాసులో టీ పోయడం ఇప్పటికే చట్టవిరుద్ధం. దానికి జూ కొత్తగా రూలు పెట్టక్కర్లేదు, ఉన్నదాన్ని అమలు చేస్తే చాలు.

అయితే ఆ జాబితాలో నీళ్ల బాటిల్ లేదు, చిప్స్ ప్యాకెట్ కూడా లేదు. జూ చెత్తబుట్టలో ఎక్కువగా కనబడేవి ఆ రెండే. కాబట్టి వాటికి జూ సొంతంగా ఏర్పాటు చేసుకోవాలి. చెత్త పారేసేవాళ్లని అడిగే హక్కు మాత్రం ముందునుంచీ ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 38జే ప్రకారం జూలో జంతువుల్ని ఏడిపించడం, వాటికి తిండి పెట్టడంతో పాటు ఆవరణలో చెత్త వేయడం కూడా శిక్షార్హమే. ఈ సంగతి గేటు దగ్గర కూర్చునే సిబ్బందికి తెలిసి ఉండాలి. సందర్శకుడితో గొడవ పడటానికి కాదు, "నువ్వెవరు అడగడానికి" అంటే తడబడకుండా ఉండటానికి.

ఒక వారం చెత్త లెక్క

రెండు మామూలు రోజులు, ఒక శనివారం, ఒక ఆదివారం సరిపోతాయి. సాయంత్రం గేట్లు మూశాక అన్ని బుట్టల్లోని చెత్తని ఒక టార్పాలిన్ మీద గుమ్మరించి, చేతికి గ్లౌజులు వేసుకుని వేరుచేయండి. బరువు తూచడానికి కొక్కెం ఉన్న చిన్న త్రాసు చాలు. బరువుతో పాటు సంఖ్య కూడా రాయండి, ఎందుకంటే చిప్స్ ప్యాకెట్లు తూకంలో దాదాపు కనబడవు, లెక్కపెడితే కళ్లు తిరుగుతాయి.

నీళ్ల బాటిళ్లు, కూల్ డ్రింక్ బాటిళ్లు, చిప్స్-బిస్కెట్ ప్యాకెట్లు, కవర్లు, పేపర్ కప్పులు, ఐస్‌క్రీమ్ కప్పులు, జ్యూస్ డబ్బాలు-స్ట్రాలు, గుట్కా ప్యాకెట్లు, డైపర్లు. ఇన్ని కుప్పలు చేయండి. ఒక్కో కుప్ప పక్కన "లోపల అమ్మింది", "బయటినుంచి వచ్చింది" అని రెండు గళ్లు పెట్టండి. లోపల అమ్మిందే సగం ఉంటే సందర్శకుల్ని తిట్టి లాభం లేదు. ముందు క్యాంటీన్ టెండర్ కాగితం తీయాలి.

ఏ మూల ఎక్కువ పడుతోందో కూడా గుర్తు పెట్టుకోండి. కూర్చుని తినే చెట్ల కింద, పిల్లల ఆట స్థలం దగ్గర, జింకల ఎన్‌క్లోజర్ కంచె వెంట చూడండి. కంచె లోపలికి ఎగిరి పడినవాటిని వేరే లెక్క రాయండి, అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

గేటు దగ్గర సంచి తెరిస్తే

ఈ పనంతటికీ గుండెకాయ ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. ఆదివారం పదకొండింటికి హసన్‌పర్తి నుంచో నర్సంపేట నుంచో ఒక కుటుంబం వచ్చిందనుకోండి. వాళ్ల సంచిలో స్టీలు డబ్బాలో పులిహోర, రబ్బర్ బ్యాండ్ వేసిన కవర్‌లో పెరుగు, ఒక పెద్ద కూల్ డ్రింక్ బాటిల్, నాలుగు నీళ్ల బాటిళ్లు, పిల్లల చేతుల్లో రెండు చిప్స్ ప్యాకెట్లు, చంటిబిడ్డ పాల సీసా, నాయనమ్మ మందులు.

స్టీలు డబ్బాకి దండం పెట్టి పంపండి. పాల సీసా, మందుల జోలికి అసలు వెళ్లొద్దు. ఇక్కడ ఒక్కసారి అతి చేస్తే ఆ కుటుంబమే కాదు, వెనక లైన్‌లో ఉన్నవాళ్లంతా మీకు ఎదురు తిరుగుతారు. పెరుగు కవర్‌కి గేటు దగ్గర మూత ఉన్న స్టీలు డబ్బాలు నాలుగు డిపాజిట్ మీద ఇవ్వడానికి ఉంచండి. చిప్స్ ప్యాకెట్‌ని అక్కడే విప్పి కాగితం పొట్లంలో పోసి ఇవ్వండి, ఖాళీ ప్యాకెట్ అక్కడే బుట్టలో పడుతుంది. పిల్లలకి తినడం ముఖ్యం గానీ ప్యాకెట్ కాదు, ఏడవరు. న్యూస్‌పేపర్ పొట్లాలు మాత్రం వద్దు. ఆ సిరా తిండికి అంటుతుందని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది. తెల్ల కాగితమో, ఆకు దొన్నెనో వాడండి.

ఇక నీళ్ల, కూల్ డ్రింక్ బాటిళ్లు. వీటిని లాక్కుంటే తప్పు, వదిలేస్తే నష్టం. మధ్యేమార్గం డిపాజిట్ స్టిక్కర్. "అన్నా, బాటిల్‌కి పది రూపాయలు కట్టండి, స్టిక్కర్ వేస్తాం. పోయేటప్పుడు బాటిల్ చూపించి పది రూపాయలు తీసుకోండి." ఇంతే మాట. నీలగిరి జిల్లాలో 2022 నుంచి ప్రభుత్వ మద్యం దుకాణాల్లో సీసాకి పది రూపాయలు అదనంగా తీసుకుని ఖాళీ సీసా తెస్తే తిరిగి ఇస్తున్నారు, కొండల్లో పగిలిన సీసాలు ఏనుగుల కాళ్లకి గుచ్చుకోకుండా. మద్యం తాగినవాళ్లే సీసా వెనక్కి తెచ్చి ఇవ్వగలిగితే, పిల్లలతో జూకి వచ్చినవాళ్లు తేలేరా?

స్టిక్కర్ పద్ధతి చెడిపోయేది చిన్న చిన్న విషయాల్లోనే. వాటిని ముందే చూసుకోండి:

స్టిక్కర్ నీళ్లకి ఊడనిది కావాలి, మీద వరుస నంబర్ ఉండాలి, రోజుకో రంగు ఉండాలి. లేకపోతే పోయిన వారం స్టిక్కర్ తెచ్చి డబ్బులు అడిగేవాళ్లు తయారవుతారు.

చిల్లర. పది రూపాయల నాణెం చెల్లదని మన దగ్గర ఇప్పటికీ కొందరు తీసుకోరు. అది చెల్లుతుందని రిజర్వ్ బ్యాంక్ ఎన్నిసార్లు చెప్పినా ఆ పుకారు పోలేదు. అందుకే నోట్లు, నాణేలు రెండూ ఉంచండి. తీసుకునేటప్పుడు యూపీఐ పర్లేదు, తిరిగి ఇచ్చేటప్పుడు నగదే వేగం.

మనుషులు. రెండు గంటల్లో 400 కుటుంబాలు వస్తాయనుకుందాం. ఒక్కో సంచికి అర నిమిషం పట్టినా మొత్తం 200 నిమిషాలు. ఒక్క బల్ల పెడితే లైన్ రోడ్డెక్కుతుంది, రెండు బల్లలైతే సరిపోతుంది. ఆదివారాల్లో ఎన్ఐటీ నుంచి, కాకతీయ యూనివర్సిటీ నుంచి ఎన్ఎస్ఎస్ పిల్లల్ని అడగండి. వాళ్లకి గంటల లెక్క కావాలి, మీకు చేతులు కావాలి.

సాయంత్రం కూర్చుని, ఆ రోజు ఇచ్చిన స్టిక్కర్లలోంచి తిరిగొచ్చినవి తీసేస్తే ఎన్ని బాటిళ్లు లోపల ఉండిపోయాయో తెలుస్తుంది. ఆ సంఖ్య పట్టుకుని వెతకండి, తెల్లారేదాకా ఆగొద్దు. ఎవరూ అడగని డిపాజిట్ డబ్బుని నీళ్ల కూలర్ మరమ్మతులకి కేటాయించండి, ఆ లెక్క గోడ మీద రాయండి. లేకపోతే "పది రూపాయలు నొక్కేస్తున్నారు" అన్న మాట రెండో వారానికే వస్తుంది.

నీళ్లు ఇవ్వకుండా బాటిల్ ఆపకండి

మే నెలలో వరంగల్ ఎండలో నడిచేవాళ్లని బాటిల్ తేవద్దనడం, లోపల సరైన నీళ్లు లేకపోవడం... ఇంతకంటే దారుణం లేదు. నిజానికి ఈ మెట్టు స్టిక్కర్ కంటే ముందే పూర్తవ్వాలి.

ఒక లెక్క వేద్దాం. కుళాయి కింద లీటరు బాటిల్ నిండటానికి 20 సెకన్లు పడితే గంటకి 180 బాటిళ్లు. రద్దీ గంటలో 600 మంది లీటరు చొప్పున పట్టుకోవాలంటే కనీసం నాలుగు కుళాయిలు కావాలి. నాలుగూ గేటు పక్కనే పెడితే పులి ఎన్‌క్లోజర్ దగ్గర దాహమేసినవాడికి లాభం లేదు. ఆరు కుళాయిలు మూడు చోట్ల పెట్టండి, ఒక్కోచోట ఒకటి పిల్లలకి అందేంత ఎత్తులో ఉండాలి.

అసలు చిక్కు కుళాయి కాదు, నమ్మకం. మనవాళ్లు ఇంట్లో కూడా మినరల్ వాటర్ క్యాన్ తెప్పించుకునే రోజులివి. శుద్ధి చేసిన మునిసిపల్ నీళ్లు వస్తుంటే మంచి ఫిల్టర్ చాలు. బోరు నీళ్లయితే పరీక్ష చేయించాక ఆర్ఓ అవసరమో కాదో తేల్చండి, ఎందుకంటే ఆర్ఓ బోలెడు నీళ్లు వదిలేస్తుంది. వదిలేసిన ఆ నీళ్లని పైపు కట్టి మరుగుదొడ్లకో నేల కడగడానికో పంపండి. ట్యాంక్ ఎప్పుడు కడిగారు, చివరి పరీక్షలో ఏం వచ్చింది అనేది కుళాయి మీదే తేదీతో రాసిపెట్టండి. అక్కడ నేల ఎప్పుడూ పొడిగా ఉండాలి. పాచి పట్టిన కూలర్ దగ్గర ఎన్ని సర్టిఫికెట్లు అంటించినా ఎవరూ తాగరు.

బాటిల్ తేనివాళ్లకి గొలుసు కట్టిన స్టీలు గ్లాసులుంటే సరిపోతుంది. ఎత్తి పోసుకుని తాగడం మనకి అలవాటే. వేసవిలో చలివేంద్రం పెట్టి రెండు మట్టి రంజన్లు, తడిగుడ్డ, నీళ్లు పోసే మనిషిని ఉంచితే కూలర్ కంటే దానికే గిరాకీ ఎక్కువ. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు ఆపినప్పుడు ఉచిత నీళ్లతో పాటు డిపాజిట్ మీద గాజు సీసాలు కూడా పెట్టారు. జూలో గాజు నేను సిఫారసు చేయను, ఎన్‌క్లోజర్ దగ్గర పగిలితే ఇంకో ప్రమాదం. దానికి బదులు స్టీలు బాటిల్ అద్దెకివ్వండి.

క్యాంటీన్, బొమ్మల దుకాణం

టెండర్ కొత్తగా పిలిచేటప్పుడే షరతులు రాయించండి, మధ్యలో చెప్తే ఎవరూ వినరు. టీకి గాజు లేదా స్టీలు గ్లాసు. టిఫిన్‌కి స్టీలు ప్లేటు, లేదా మోదుగ ఆకుల ఇస్తరాకు. ములుగు, భూపాలపల్లి వైపు ఇస్తరాకులు కుట్టే మహిళా సంఘాలతో నేరుగా మాట్లాడుకుంటే మధ్యవర్తి ఉండడు. కార్తీకంలో వనభోజనాలకి వచ్చేవాళ్లకి కూడా అవే ఆకులు గేటు దగ్గర అమ్మండి, థర్మకోల్ ప్లేట్లు తెచ్చినవాళ్ల దగ్గర అవి తీసుకుని ఇవి ఇవ్వండి.

పేపర్ కప్పుకి మాత్రం మోసపోకండి. లోపల టీ కారకుండా ఉండేది పల్చటి ప్లాస్టిక్ పూత వల్లే. "మట్టిలో కలిసిపోతుంది" అని రాసి ఉన్న కవర్లు కూడా అంతే, వాటిలో చాలావాటికి ఎక్కువ వేడి ఉండే పెద్ద కంపోస్ట్ ప్లాంట్ కావాలి. జూ వెనకాల ఉన్న గుంతలో అవి ఏళ్లతరబడి అలాగే ఉంటాయి. జింక కడుపులో అయితే మామూలు కవర్‌కి, వీటికి తేడా ఏమీ ఉండదు.

ఐస్‌క్రీమ్ కోన్‌లో ఇస్తే కప్పూ లేదు, చెంచా లేదు. కాల్చిన మక్కకంకి, ఉడికిన పల్లికాయ, సకినాలు, గోలీ సోడా... మన తిండిలో ప్యాకెట్ అక్కర్లేనివి ఎన్ని లేవు! చిప్స్ మీద వచ్చే కమిషన్, మక్కకంకి మీద మిగిలే లాభం పక్కపక్కన వేసి చూపించండి. కాంట్రాక్టర్‌కి నచ్చజెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

బొమ్మల దుకాణంలో ప్లాస్టిక్ పులులు, రబ్బరు పాములు ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాదు. నిర్మల్ కొయ్యబొమ్మలు, చింతగింజల ముద్ద, రంపపు పొట్టుతో చేసే చేర్యాల ముసుగులు మన పక్కనే తయారవుతాయి. కవర్ అడిగేవాళ్లకి వరంగల్ దర్రీ నేతతో కుట్టిన సంచి అమ్మితే అది ఇంటికి వెళ్లాక కూడా వాడతారు.

సందర్శకులకి కనబడని ప్లాస్టిక్

జూ వెనక గేటుకి వెళ్లి చూడండి. తవుడు, గోధుమ పొట్టు వచ్చే ప్లాస్టిక్ బస్తాలు, మాంసం వచ్చే కవర్లు, చేపలు, మంచు వేసిన థర్మకోల్ పెట్టెలు, నర్సరీలో మొక్కల నల్ల కవర్లు. సందర్శకుడి బాటిల్ ఆపి ఇది వదిలేస్తే ఎవరైనా వేలెత్తి చూపిస్తారు. మాంసానికి మూత ఉన్న స్టీలు డబ్బాలు రెండు జతలు, సరఫరాదారు దగ్గర ఒకటి, మన దగ్గర ఒకటి. బస్తాలు దులిపి లెక్కపెట్టి తిరిగి ఇచ్చేలా ఒప్పందం. చేపలకి థర్మకోల్ బదులు ఏళ్లపాటు వాడే గట్టి ఐస్ పెట్టె. అది కూడా ప్లాస్టిక్కే కదా అంటారేమో, మన గొడవ వాడి పారేసే వస్తువుతోనే. మొక్క నాటాక ఖాళీ నల్ల కవర్ నర్సరీకి వెనక్కి రావాలి.

పశువైద్యుడి గదిలో మాత్రం పొదుపు వద్దు. సిరంజి, గ్లౌజు ఒక్కసారి వాడేవే అయినా అక్కడ అదే సరైన పద్ధతి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాలు పశువుల ఆసుపత్రులకి కూడా వర్తిస్తాయి. సూదులు పంక్చర్ కాని తెల్ల డబ్బాలోకి, సూది తీసిన సిరంజిలు, గ్లౌజులు ఎర్ర సంచిలోకి పోవాలి. వాటిని మామూలు చెత్తలో కలపకూడదు.

అక్వేరియం ఉన్నచోట ఇంకో రెండు పనులు. ఆక్సిజన్ నింపి చేపలు తెచ్చే పాలిథిన్ సంచుల బదులు దగ్గరి దూరాలకి మూత, గాలి పంపు ఉన్న డబ్బాలు వాడొచ్చు. తొట్టెల్లో ప్లాస్టిక్ నాచు, ప్లాస్టిక్ పగడాలు తీసేసి బతికున్న నీటి మొక్కలు, నది రాళ్లు పెట్టండి. ప్లాస్టిక్ అడవిలో చేపని చూపిస్తూ ప్లాస్టిక్ వద్దని చెప్తే పిల్లలే నవ్వుతారు. 2017 జులైలో అమెరికాలో 19 అక్వేరియంలు కలిసి తమ దగ్గర ప్లాస్టిక్ స్ట్రాలు, క్యారీబ్యాగులు ఆపేశాయి, బాటిళ్లని 2020 కల్లా బాగా తగ్గిస్తామన్నాయి. జనానికి చెప్పేముందు సొంత క్యాంటీన్ సర్దుకున్నాయి. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఆ వరుస.

ఏ జంతువు దగ్గర ఏం చెప్పాలి

చిప్స్ ప్యాకెట్‌కి ఉప్పు అంటుకుని ఉంటుంది, జింక నాకుతుంది, తర్వాత నమిలి మింగుతుంది. నెమరేసే జంతువుల మొదటి కడుపులో ప్లాస్టిక్ అరగదు, ముందుకి సరిగ్గా కదలదు, ముద్దకట్టి మేత పట్టే చోటు తినేస్తుంది. కడుపు నిండుగా కనబడుతుంది, జంతువు ఎండిపోతుంది. చెన్నై ఐఐటీ ఆవరణలో చనిపోయిన జింకల కడుపుల్లో ప్లాస్టిక్ బయటపడటం పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. జింకల కంచె దగ్గర ఈ నాలుగు మాటలు, పక్కన ఆ వారం కంచె లోపల దొరికిన ప్యాకెట్లు ఒక గాజు పెట్టెలో ఉంచండి. తేదీ రాయండి. ఊళ్లో చెత్త తినే కుక్కలు, ఆవులు చూసేవాళ్లకే గుర్తొస్తాయి.

తాబేళ్ల దగ్గర సముద్రం గురించి చెప్పొచ్చు. వరంగల్‌కి సముద్రం లేదు కదా అనుకోవద్దు. కరీంనగర్‌లో మానేటిలో పడ్డ కవర్ మంథని దగ్గర గోదావరిలో కలుస్తుంది, అక్కడినుంచి బంగాళాఖాతమే. సముద్రపు తాబేలుకి నీళ్లలో తేలే కవర్ జెల్లీ ఫిష్‌లా కనబడుతుంది. 2010లో ఒక్క ఏడాదిలో 48 లక్షల నుంచి 1.27 కోట్ల టన్నుల ప్లాస్టిక్ నేలమీంచి సముద్రాల్లోకి చేరిందని 2015లో వచ్చిన అంచనా. కానీ టన్నులు పిల్లల బుర్రకి ఎక్కవు, మానేరు దారి పటం ఎక్కుతుంది. దాన్ని గీయించండి.

బోర్డులు తెలుగు, ఉర్దూ, హిందీల్లో ఉండాలి. భయపెట్టి వదిలేయకుండా ప్రతి బోర్డు కింద అక్కడికక్కడే చేయగల ఒక పని రాయండి: "నీళ్లు నింపుకునే కుళాయి 50 అడుగుల్లో" అన్నట్టు.

గేటు బయట బండ్లు

వీళ్లని మరిచిపోతే అంతా వృథా. గేటు బయట చిప్స్, నీళ్ల బాటిళ్లు అమ్మేవాళ్ల పొట్ట మీద కొట్టే రూలు నిలబడదు. వాళ్లని నెల ముందే పిలిచి మాట్లాడండి. కాగితం పొట్లాలు, ఇస్తరాకులు, స్టీలు బాటిళ్లు అమ్మే అవకాశం మొదట వాళ్లకే ఇవ్వండి. బండ్లకి జాగా కేటాయింపు జూ చేతిలో ఉండదు, మునిసిపల్ కార్పొరేషన్‌లో వీధి వ్యాపారుల కోసం ఉండే వెండింగ్ కమిటీ ద్వారా వెళ్లాలి. తడి, పొడి చెత్త వేరుచేయడం వరంగల్‌కి కొత్త కాదు. 2012 అక్టోబర్‌లో మునిసిపాలిటీల జట్లు చెత్త సేకరణలో పోటీపడ్డ క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్ జరిగింది ఇక్కడే, ఆ అనుభవం ఉన్న పారిశుధ్య సిబ్బంది సలహా తీసుకోండి. ఖాళీ బాటిళ్లకి పాత సామాన్ల దుకాణంలో ధర వస్తుంది. చిప్స్ ప్యాకెట్లని మాత్రం ఎవరూ కొనరు, పొరలు పొరలుగా అతికించినవి కాబట్టి మళ్లీ వాడటం కష్టం. అందుకే వాటిని గేటు దగ్గరే ఆపమన్నది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

వేసవి సెలవుల్లో వద్దు, సంక్రాంతికి అసలే వద్దు. జులై, ఆగస్టులో వానలకి జనం పల్చగా ఉంటారు, దాహమూ తక్కువ. జూన్‌లో చెత్త లెక్క, జులైలో కుళాయిలు, క్యాంటీన్ మార్పులు, ఆగస్టులో శని, ఆదివారాలు కాని రోజుల్లోనే స్టిక్కర్లు, సెప్టెంబర్‌లో శని, ఆదివారాలు కూడా. బతుకమ్మ, దసరా సెలవులకి జనం పోటెత్తేసరికి గేటు దగ్గర చేతులు అలవాటుపడి ఉంటాయి. జూకి వారానికోరోజు ఎలాగూ సెలవు ఉంటుంది. ఆ రోజు సాయంత్రం అరగంట కూర్చుని స్టిక్కర్ల లెక్క, కంచెల్లో దొరికినవాటి లెక్క చూడండి. రెండోది తగ్గకుండా మొదటిది మాత్రమే బాగుంటే, బయటినుంచి గోడ మీదుగా వచ్చి పడుతున్నాయేమో అనుకోవాలి. అప్పుడు గోడ అవతలి చెత్తకుండీని వెతకండి.